నూట పది గింజలు

ఏప్రిల్ 3

హాజరు: ఏడుగురు. గాలి బాగుంది. వేడి ఇరవై రెండు.

బాజీ నన్ను రాయమనేది ఇంతే. "అక్కా, పిల్లల గది చిట్టా అంటే నాలుగు ముక్కలు. పెళ్లి కబుర్లు కాదు" అని పోయిన వారం కూడా మొత్తుకున్నాడు. ఈ ఊరికి పెద్ద వాడే, రేడియో దగ్గర కూర్చునేదీ వాడే. రాసింది ఏనాడూ చదవడు. అందుకని నా ఇష్టమొచ్చినట్టు రాస్తా. అరవై ఎనిమిదేళ్ల దాన్ని, చందమామ మీద ముప్పై నాలుగేళ్లుగా బతుకుతున్న దాన్ని, ఇప్పుడు నాకొకడు చెప్పేదేమిటి?

ఈ వారం పాఠం యూరీ గగారిన్. భూమి మీంచి అందరికంటే ముందు పైకెగిరిన మనిషి. ఏటా పన్నెండో తారీఖున మా ఊరు మెరకలో ఆయన పండగ చేస్తాం. ఊరంతా కలిపి నలభై ఒక్కమందిమి, ఇంకో పండగకి ఇంత సందడి ఉండదు.

పిల్లలకి నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. "అనగనగా ఇరవై ఏడేళ్ల కుర్రాడు. గుండ్రటి గోళంలో ఒక్కడే కూర్చున్నాడు. కింద పెద్ద మంట పెట్టారు, అది వాణ్ణి పైకి తోసేసింది. భూమి చుట్టూ ఒక్కసారి తిరిగి దిగిపోయాడు. ఎక్కడం, తిరగడం, దిగడం, అన్నీ కలిపి నూట ఎనిమిది నిమిషాలు."

"ఎందుకు దిగాడు?" అంది ఓజీ. ఓజస్వి దాని పేరు, ఆరేళ్లు. నోరు మూసుకుని ఒక్క నిమిషం కూర్చోదు. "పైకెళ్లినవాడు పైనే ఉండొచ్చుగా. మనం ఉండట్లేదా?"

"వాడి ఇల్లు కింద ఉందే. ఇంటికి పోవద్దూ?"

"ఎలా దిగాడు?"

"పెద్ద గొడుగు కట్టుకుని దూకాడు. గాలి ఆ గొడుగుని పట్టుకుని మెల్లగా దింపింది."

ఏడుగురూ ఒకటే నవ్వు. గాలి గదిలో ఉంటుంది గానీ బయట ఉండటమేమిటట! ఇక్కడ పుట్టిన వెధవలకి ఏం చెప్పను? బంగాళాదుంపకి చేతిరుమాలు కట్టి నడవ పైకప్పు దగ్గర్నుంచి వదిలా. విచ్చుకుని, ఊగుతూ, తీరిగ్గా దిగింది. మరి మన బయటైతే, అని అడిగింది ఓజీ. మన బయట గాలి లేదు కాబట్టి గుడ్డ విచ్చుకోదని, రాయి పడ్డట్టు పడుతుందని చెప్పా. తలాడించింది.

పుస్తకంలో ముందు పేజీలో కుక్క బొమ్మ ఉంది. అదెవరని అడిగారు. "దాని కథ వేరేలే" అని పేజీ తిప్పేశా. ప్రతి ఏడూ అక్కడ అదే పని చేస్తా.

ఏప్రిల్ 5

హాజరు: ఏడుగురు.

చీట్లేశాం. ఈ ఏడు గోళంలో కూర్చునేది ఓజీ! గదిలో ఆ చివర నుంచి ఈ చివరికి ఎగిరింది, నెత్తి పైకప్పుకి కొట్టుకుంది. అయినా నవ్వే.

నా తర్వాత ఈ గదికి ఎవరొస్తారో తెలీదు గనక పండగ ఎలా చెయ్యాలో ఇక్కడ రాసి పెడతా. మొదటివాళ్లు దిగిన గోళం ఒకటి నడవ చివర ఊరికే పడుంది. అందులో ఒక బిడ్డని కూర్చోబెట్టి తలుపేస్తాం. బయట మిగతావాళ్లు నిమిషానికొక చింతగింజ చొప్పున స్టీలు గిన్నెలో వేస్తారు. మనవాళ్లం అష్టోత్తరాలు చదివే జాతి కదా, నూట ఎనిమిది అనగానే లెక్కపెట్టడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించింది. నా పెట్టెలో మా అమ్మ పంపిన చింతగింజల మూట ఉంది. అలా మొదలైంది, పాతికేళ్ల కిందట.

నూట ఎనిమిదో గింజ పడగానే తలుపు తీస్తాం. యూరీ దిగినప్పుడు పొలంలో ఒక అవ్వా, మనవరాలూ బంగాళాదుంపలు నాటుతున్నారు. ఆ వేషం చూసి హడలిపోయారట. అందుకని నేను అవ్వనై "ఎవరు నాయనా నువ్వు? ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావు?" అంటా. లోపలివాళ్లు "భయపడకవ్వా, నేను మీ మనిషినే" అనాలి. అప్పుడు ఉడికించిన దుంప ఉప్పూ కారం అద్ది చేతిలో పెడతా. నిజం అవ్వ ఏం పెట్టిందో నాకు తెలీదు. మా అవ్వ మాత్రం దుంప పెడుతుంది.

సాయంత్రం ఓజీని తీసుకెళ్లడానికి వాళ్లమ్మ మైథిలి వచ్చింది. మైథిలి నా మొదటి శిష్యురాలు. ఇప్పుడు ముప్పై ఒకటి, ఎగురుబండి నడుపుతుంది. ఈ ఊళ్లో గోళంలో అందరికంటే ముందు కూర్చున్న పిల్ల అదే.

"అమ్మ అస్సలు ఏడవలేదట కదా, తాయారమ్మమ్మా?" అని ఓజీ అడిగింది.

"ఏడుపా? మీ అమ్మా? కొయ్యలా కూర్చుంటేనూ!" అన్నా.

మైథిలి నా వంక చూసి కింది పెదవి కొరుక్కుంది. నిజమేమిటంటే యాభయ్యో గింజకే లోపల్నుంచి తలుపు కొట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటికి మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు, గింజలు నేనే వేస్తున్నా, చప్పుడు కాకుండా తలుపు తీశా. నా ఒళ్లో కూర్చుని మిగిలిన యాభై ఎనిమిదీ అదే వేసింది. అందరూ తిరిగొచ్చేసరికి మళ్లీ లోపలికి దూరింది. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఏప్రిల్ 8

హాజరు: ఏడుగురు.

ఎలా రాయాలో తెలీట్లేదు. వరసగా రాస్తా.

ఆరువందల కిలోమీటర్ల అవతల గుట్ట మీద రేడియో స్తంభం పనిచెయ్యడం మానేసింది. బాగుచెయ్యడానికి మైథిలి పొద్దున ఎనిమిదింటికి ఎగురుబండిలో ఒక్కతే బయల్దేరింది. సాయంత్రానికల్లా వచ్చేసే పని. "రాగానే ఇద్దరం గోళం తుడుద్దాం" అని ఓజీకి చెప్పి వెళ్లింది.

తొమ్మిదిన్నరకి బాజీ నా గదికొచ్చాడు. ఎప్పుడూ రాడు. గుమ్మంలో నిలబడి నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు.

"ఇంజను ఆగలేదక్కా. కాసేపు మండి ఆగాలి, ఆగలేదు. దిగడానికీ తిరిగి రావడానికీ దాచిన ఇంధనం కూడా తగలబెట్టేసింది."

"పడిపోయిందా?"

"పడలేదు. పడనంత వేగం వచ్చేసింది. చందమామ చుట్టూ తిరుగుతోంది. కిందికి దిగాలంటే మళ్లీ మంట కావాలి. చుక్క ఇంధనం లేదు."

"ఇంకో బండి ఉందిగా మనకి!"

"దాన్ని విప్పేసి ఏడాదైంది. దాని సామాన్లు దీనికేసి నడుపుతున్నాం, నీకు తెలుసు. పక్క ఊరివాళ్ల బండి రావాలంటే ఐదు రోజులు." బాజీ ముఖం తుడుచుకున్నాడు. "మైథిలికి గాలి రెండు రోజులే ఉందక్కా."

నూట పది నిమిషాలకోసారి మన నెత్తి మీదుగా వెళ్తుందట. వచ్చినప్పుడల్లా ఐదు నిమిషాలు మాట వినిపిస్తుందట.

ఓజీకి వాళ్ల నాన్న గిరిధర్ చెప్పాడు. చెప్పాడని ఏముందిలే, "అమ్మ పైన తిరుగుతోందమ్మా, నూట పది నిమిషాలకి ఒక చుట్టు" అని అక్కడితో ఆపేశాడు. పిల్ల ముఖం వెలిగిపోయింది.

"యూరీ లాగానా!"

అంతే, పరిగెత్తుకొచ్చి నా గూట్లోంచి గింజల మూట తీసుకుంది. నూట ఎనిమిది లెక్కపెట్టింది. అమ్మకి ఇంకో రెండు ఎక్కువ కావాలని రెండు తీసి కలిపింది. వంటగదికెళ్లి దుంప ఉడకబెట్టించుకుంది. బయటికెళ్లే తలుపు ముందు బాసింపట్టు వేసుకుని, గోడ గడియారం చూస్తూ, నిమిషానికొక గింజ వేసింది. నేను పక్కనే కూర్చున్నా.

నూట పదో గింజ పడింది. లేచి గౌను దులుపుకుని, దుంప రెండు చేతుల్లో పట్టుకుని తలుపు వైపు తిరిగి నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"ఎక్కడో తప్పు లెక్కపెట్టా" అని మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది.

పాతికేళ్లుగా నేను నేర్పింది ఇదే. గింజలైపోతే తలుపు తెరుచుకుంటుందని నేర్పా. ఎంత తెలివితక్కువ ముండని నేను!

ఏప్రిల్ 9

హాజరు: ఆరుగురు. ఓజీ తలుపు దగ్గరే ఉంది.

నిన్నటి నుంచి తిండి సరిగ్గా తినలేదు. నిద్రపోయేటప్పుడు గింజలు వాళ్ల నాన్న చేతిలో పెట్టి, ఆపకుండా వెయ్యమందట. పాపం అతను తెల్లార్లూ వేశాడు.

పొద్దున బాజీ నన్ను రేడియో గదికి పిలిచాడు. మైథిలి నాతో మాట్లాడతానందట.

"టీచర్, ఓజీకి మీరు చెప్పండి. ఆయన వల్ల కాదు."

"నా వల్ల మాత్రం ఎలా అవుతుందే!"

"అవుతుంది. అబద్ధం మాత్రం వద్దు. కుక్క కథ మీరు మాకు చెప్పలేదు. పెద్దయ్యాక చదివి మీ మీద నెలరోజులు కోపంగా ఉన్నా, మీకు తెలీదు. దానికి అంతా చెప్పండి. చెప్పాక దాన్ని ఇక్కడికి తీసుకురండి. నాకు తెలియనట్టు, దానికి తెలియనట్టు నటిస్తూ మాట్లాడలేను టీచర్."

బండి గుట్టల వెనక్కి పోయి మాట ఆగిపోయింది. బాజీ గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

వచ్చి ఓజీ పక్కన నేల మీద కూలబడ్డా. నలభై రెండో గింజ నడుస్తోంది.

"ఆ రోజు పుస్తకంలో కుక్క బొమ్మ అడిగావు కదా. దాని పేరు లైకా. యూరీ కంటే ముందు అది వెళ్లింది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. వీధిలో తిరిగే చిన్న కుక్క. చెప్పిన మాట వినేదట."

"ఎన్ని నిమిషాలకి దిగింది?"

"దిగలేదమ్మా. దాన్ని దింపే ఏర్పాటు ఆ గోళంలో లేదు. పంపేటప్పుడే వాళ్లకి తెలుసు. లోపల వేడెక్కిపోయి కొన్ని గంటల్లో చచ్చిపోయింది. మీరు ఏడుస్తారని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు."

గింజ చేతిలోనే ఉంది. గడియారం ముల్లు తిరిగి మళ్లీ పైకొచ్చింది, వెయ్యలేదు.

"కుక్కకి చెప్పారా, రావని?"

"కుక్కకి ఎలా చెబుతారే?"

"అయితే దానికి తెలీదు." నా వైపు తిరిగింది. "అమ్మకి తెలుసా?"

దాని జుట్టు చెవి వెనక్కి సర్దా.

"తెలుసు" అన్నా.

చేతిలో గింజని అటూ ఇటూ తిప్పింది. "అమ్మ గొడుగు కట్టుకుని దూకితే..." అని ఆగింది. తర్వాత తనే మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మన బయట గాలి లేదు. గుడ్డ విచ్చుకోదు. రాయి పడ్డట్టు పడుతుంది."

"అవునమ్మా."

"నువ్వే చెప్పావు."

"నేనే చెప్పా."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చా. దాచుకోవడం నాకు చేతకాలేదు, అవసరమూ అనిపించలేదు. దుంప కింద పడి దొర్లుకుంటూ తలుపు దాకా వెళ్లి ఆగింది.

ఏప్రిల్ 10

హాజరు తీసుకోలేదు.

నిన్న సాయంత్రం నుంచి మైథిలి నెత్తి మీదికొచ్చిన ప్రతిసారీ గిరిధర్, ఓజీ రేడియో ముందే ఉన్నారు. ఆ మాటలు వాళ్లవి, ఇక్కడ రాయను. తెల్లవారి ఏడింటికి వచ్చిన చుట్టే చివరిదని బాజీ లెక్క. ఆ చుట్టుకి నన్ను కూడా రమ్మన్నారు.

ఊరి బయట దీపాలన్నీ వెలిగించాం. కరెంటు పొదుపు అంటూ రోజూ ప్రాణం తీసే బాజీయే అన్ని స్విచ్చులూ తనే వేశాడు.

"మన దీపాలు కనిపిస్తున్నాయి" అంది మైథిలి. గొంతు బరువుగా, మత్తుగా ఉంది. "ఇన్ని దీపాలు మనకున్నాయా?"

"అమ్మా, భయమేస్తోందా?" అని అడిగింది ఓజీ.

"మొదట్లో చాలా వేసింది. ఇప్పుడు నిద్రొస్తోంది. దుంప తిన్నావా?"

"నీకని ఉంచా."

"చల్లారిపోయుంటుంది. సగం నువ్వు తినెయ్. నాన్నకి సగం పెట్టు. పన్నెండో తారీఖు గోళంలో కూర్చుంటావు కదూ?"

"కూర్చోను."

"కూర్చో తల్లీ. నాకోసం." కాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. "టీచర్ ఉన్నారా అక్కడ?"

"ఉన్నానే."

"యాభయ్యో గింజకి తలుపు తీశారు. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదే, నా తల్లీ!"

"ఓజీకి చెప్పండి ఆ సంగతి. ఏడవలేదని గొప్పలు పోయాం ఇన్నాళ్లూ. ఎవరైనా తీస్తారని తెలిస్తే, లోపల కూర్చోవడం అంత కష్టం కాదు టీచర్."

గిరిధర్ రెండు చేతులూ రేడియో పెట్టె మీద ఆన్చి తల వాల్చేశాడు. మైథిలి అతనితో రెండు మాటలు అంది. చివర్లో, గుట్ట అడ్డం రాబోతుంటే, చిన్నప్పుడు గోళంలోంచి బయటికొచ్చి అన్నట్టే అంది.

"భయపడకండి. నేను మీ మనిషినే."

నూట పది నిమిషాలు అక్కణ్ణుంచి ఎవరూ కదల్లేదు. మళ్లీ నెత్తి మీదికొచ్చింది. బాజీ ఐదు నిమిషాలూ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. పలకలేదు.

ఏప్రిల్ 12

హాజరు: ఏడుగురు.

ఈ ఏడు పండగ వద్దని నేనన్నా. గిరిధర్ కూడా వద్దన్నాడు. ఓజీ పొద్దున్నే తల దువ్వుకుని, గింజల మూట తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మ కూర్చోమంది కదా" అంది. ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా బాజీతో తనే లెక్క కట్టించుకొచ్చింది. మైథిలి నెత్తి మీదుగా వెళ్లే క్షణంలో మొదటి గింజ పడాలి. నూట ఎనిమిది కాదు, నూట పది. అప్పుడు మళ్లీ నెత్తి మీదికొచ్చేసరికి గింజలైపోతాయి.

ఊరంతా నడవలో కూర్చుంది. ఓజీ గోళంలోకి దూరింది. తలుపు వేశా. బాజీ కూడా ఒక చెయ్యి వేశాడు.

గింజలు పిల్లలు వేస్తున్నారు. పది. ఇరవై. ఇక్కడ గింజ కూడా మెల్లగా పడుతుంది, పడి మెల్లగా ఎగిరి మళ్లీ పడుతుంది. యాభై దగ్గర పడేకొద్దీ నేను తలుపు వైపే చూస్తున్నా. యాభై దాటింది, చప్పుడు లేదు. అమ్మయ్య అనుకున్నా.

యాభై మూడో గింజకి లోపల్నుంచి తలుపు కొట్టింది.

అందరూ నా వంక చూశారు. రూలు పెట్టింది నేనే, పాతికేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పుకుని తిరిగింది నేనే. లేచెళ్లి, అందరూ చూస్తుండగానే తలుపు బార్లా తీసేశా.

ఓజీ సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ముఖమంతా తడి. "అమ్మ కూడా ఇక్కడే కొట్టిందా?" అని అడిగింది.

"ఇక్కడే. మూడు గింజలు ముందు. నీ కంటే పిరికిది."

ఏడుస్తూనే నవ్వింది. నేను అవ్వని కదా, నా మాట నేననాలి. "ఎవరమ్మా నువ్వు? ఎక్కణ్ణుంచి..." అన్నా, అంతే. అరవై ఎనిమిదేళ్లొచ్చి నలుగురి ముందూ చిన్నపిల్లలా ఏడ్చేశా. దుంప నా చేతిలోనే ఉండిపోయింది.

ఓజీ కిందికి దిగొచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. "భయపడకు తాయారమ్మమ్మా" అంది. "నేను మీ మనిషినే."

దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్కడే, గోళం గుమ్మంలోనే కూర్చున్నా. మైథిలి సంగతి అందరికీ చెప్పా, దాచకుండా. గిరిధర్ మొదటిసారి తలెత్తి విన్నాడు. మిగిలిన గింజలు ఓజీ వేసింది. దుంపలో సగం తిని, సగం వాళ్ల నాన్నకిచ్చింది. నూట పదో గింజ పడ్డప్పుడు బాజీ గడియారం చూసి పైకి చెయ్యి చూపించాడు. పైన ఉన్నది ఉత్త కప్పే. అయినా నలభై మందిమీ పైకే చూశాం.

గింజలు కడిగి, తుడిచి, మూటగట్టా. ఇక నుంచి మూటలో నూట పది ఉంటాయి. నా తర్వాత వచ్చేవాళ్లకి రాస్తున్నా. కుక్క కథ ముందు చెప్పండి. లోపల్నుంచి బిడ్డ తలుపు కొడితే, ఎన్నో గింజ అని చూడకుండా తీసెయ్యండి.